మరమ్మతా? మార్పిడియా?

మిరప కోతల కాలంలో ఘాటు పట్టిన బట్టలు చేతితో ఉతికే శ్రమ ఇల్లాలికే తెలుసు. అందుకే వాషింగ్ మెషీన్ ఆగిపోతే ఆ ఇంట దిగులు మొదలవుతుంది: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

ముందుగా కారణం తెలుసుకోవాలి. గుంటూరు, ప్రకాశం మెట్ట పల్లెల్లో చాలాచోట్ల బోరునీరు ఉప్పన. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు హీటరు కడ్డీపై తెల్లని పెచ్చు కడతాయి. నీరు వచ్చే జల్లెడను మూసివేస్తాయి. ఆ పెచ్చు నిమ్మ ఉప్పు ద్రావణంతో కరుగుతుంది. బెల్టు, పంపు వంటివి స్వల్ప వ్యయంతో మార్చవచ్చు. డ్రమ్ము బేరింగులు అరిగి, మరమ్మతు ఖర్చు కొత్తదాని వెలలో సగం దాటితే మార్పిడియే మేలు. 2023 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం పాత యంత్రం ఈ-వ్యర్థం. దానిని నమోదైన రీసైక్లరుకు అప్పగించడం మేలు.

అయితే నీటి దోషం తీర్చకపోతే కొత్త యంత్రానికీ అదే గతి.