వేసవిలో కల్లు మానినవారి జాగ్రత్త

కల్లు మానినవానికి వేసవియే గడ్డు పరీక్ష. పంట యిల్లు చేరును, చేత రొక్కమాడును, పొలమున పని యుండదు. తాటికల్లు పారును, పెండ్లిండ్లు జరుగును.

నే నెరిగిన యొక రైతు ఏడు నెలలు నిగ్రహించి, పెండ్లి విడిదిలో “ఒక్క ముంతే” యని పుచ్చుకొని మరల మునిగెను. మరుసటి వేసవికి మూడు కట్టుబాట్లు చేసికొనెను: దప్పిక పుట్టకమునుపే ఉప్పు మజ్జిగయో అంబలియో త్రాగుట, ధాన్యపు సొమ్ము సంఘమున జమకట్టుట, పెండ్లికి భార్యతో పోయి, భోజనము కాగానే తిరిగివచ్చుట. ఆ వేసవి సుఖముగా గడచినది.

జారినవాడు చెడినవాడు కాడు, మరల లేవవలెను. నిత్యము త్రాగువాడు మాత్రము వైద్యుని యడుగక హఠాత్తుగా మానరాదు; వణకు, మూర్ఛ రావచ్చును. పెండ్లివారలారా, విడిదిలో మజ్జిగకుండ మరువకుడు.