చీకటిలో వెలుగు అక్షరములు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటగా, ఉద్దానమున రోజుల తరబడి కరెంటు లేకపోయినది. భావనపాడు వంటి తీరగ్రామమున అట్టి రాత్రులందు తుపాను ఆశ్రయము పేరు వెలుగుటకు 12 వోల్టుల బ్యాటరీ, కొన్ని ఎల్.ఇ.డి. దీపములు చాలును.

తెల్లని దీపమొక్కటికి సుమారు 3 వోల్టులు కావలెను. మూడింటిని వరుసగా కలిపిన 9 వోల్టులగును; మిగిలిన 3 వోల్టులు నిరోధకమునకు. అది 150 ఓములైన ప్రవాహము 20 మిల్లీ ఆంపియర్లు. చిన్న దీపమునకు సాధారణముగా అదే హద్దు. కాని ఛార్జి అగునపుడు బ్యాటరీ 14.4 వోల్టులకు చేరవచ్చును. దీపముల వాటా అంతగా మారదు. పెరిగినదంతయు నిరోధకముపై పడి ప్రవాహము 36కు చేరును, దీపములు మాడిపోవును. 300 ఓములు పెట్టినచో 18 దాటదు.

ఇట్టి వరుసలను సమాంతరముగా కలిపి అక్షరమును నింపవలెను. ఉప్పుగాలికి అతుకులు చిలుము పట్టకుండ సిలికోన్‌తో మూయవలెను.