రాత్రి డ్యూటీ చేసినవారి పగటి నిద్ర

2020 ఏప్రిల్‌లో సూర్యాపేట పేరు రోజూ వార్తల్లో ఉండేది. కూరగాయల మార్కెట్ ప్రాంతంలో కరోనా కేసులు వరుసగా బయటపడి వీధులకు వీధులే మూసేశారు. కోదాడ, మిర్యాలగూడలలోని బంధువులు ఫోన్లలోనే క్షేమం అడిగేవారు. ఆ నెల 25న రోజాలు మొదలయ్యాయి.

నా దగ్గర పదో తరగతి చదివిన ఒక అమ్మాయి అప్పుడు స్టాఫ్ నర్సు. రాత్రంతా పీపీఈ కిట్‌లో గడిపి, పొద్దున ఇంటికొచ్చి, పిల్లలకు దూరంగా రేకుల గదిలో పడుకునేది. ఎండ, వీధిలో చప్పుళ్లు, మధ్యమధ్య ఫోన్లు. "సార్, కళ్లు మూస్తే వార్డులో మిషన్ల చప్పుడే వినిపిస్తోంది" అన్నది. "రాగానే కాసేపు ఎండలో నడువమ్మా, నిద్ర పడుతుంది" అని సలహా ఇచ్చాను. అది పూర్తిగా తప్పు సలహా అని తర్వాత చదివి తెలుసుకున్నాను.

మన మెదడులో ఒక గడియారం ఉంది. అది ఎట్లా నడుస్తుందో కనుగొన్నందుకే 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. చీకటి పడితే మెలటోనిన్ అనే హార్మోన్ ఊరి నిద్రకు దారి వేస్తుంది. కంట్లో వెలుతురు పడితే అది తగ్గిపోతుంది. అంటే రాత్రి డ్యూటీ దిగి ఎండలో ఇంటికి వచ్చే మనిషికి 'తెల్లవారింది, లే' అని శరీరమే చెబుతుంది. దానికి తోడు ఇంట్లోవారికి జబ్బు అంటిస్తానేమోనన్న భయం. ఇక నిద్ర ఎక్కడిది? ఇందులో ఆమె బలహీనత ఏమీ లేదు. 2020 మొదట్లో చైనాలో 34 ఆసుపత్రుల్లోని 1,257 మంది డాక్టర్లను, నర్సులను ప్రశ్నిస్తే, మూడింట ఒక వంతు మందికి నిద్రలేమి లక్షణాలు కనిపించాయి.

నిద్ర తగ్గితే జబ్బు తొందరగా పట్టుకుంటుంది. 2009లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 153 మంది ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఎనిమిది గంటలు, అంతకు మించి నిద్రపోయేవారి కంటే, ఏడు గంటల లోపు నిద్రపోయేవారికి జలుబు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా వచ్చింది. అది జలుబే, కరోనా కాదు. అయినా రోగుల మధ్య నిలబడేవారి విషయంలో ఆలోచించవలసిన మాటే.

ఆ రోజుల్లో దాతలు మాస్కులు, భోజనం ప్యాకెట్లు, ఆక్సిజన్ సిలిండర్లు ఇచ్చారు. నిద్ర సంగతి మాత్రం నాతో సహా ఎవరికీ తట్టలేదు. ఆసుపత్రికి దగ్గరలో ఎండ తగలని గది, కిటికీలకు మందమైన నల్ల తెరలు, కూలర్, తాగునీరు, బాత్రూం ఉంటే చాలు. స్త్రీలకు వేరే గది ఉండాలి. కోదాడ వైపు వెళ్లేవారు నిద్రమత్తులో హైవే మీద స్కూటీ నడపకుండా పొద్దున ఒక వాహనం ఉంటే ఇంకా మేలు. ఇంటింటి జ్వరం సర్వేకు తిరిగిన ఆశా కార్యకర్తలకైతే రాత్రి ఫోన్ మోగకపోవడమే పెద్ద సాయం. ఆ ఫోన్లు వంతులవారీగా ఎత్తడానికి మన యువకులు నలుగురు చాలు.

డ్యూటీ చివరి గంటల్లో టీ మానేయడం, ఇంటికి వెళ్లేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోవడం వంటివి వారే చేసుకోగలరు. రెండు మూడు వారాలైనా నిద్ర పట్టకపోతే డాక్టరును కలవాలి. సొంతంగా నిద్రమాత్రలు వేసుకోకూడదు.

ఆ అమ్మాయి ఇప్పటికీ నెలలో కొన్ని రాత్రులు డ్యూటీ చేస్తుంది. రేకుల గది కిటికీకి పాత దుప్పటి మేకులతో కొట్టుకుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆ తలుపు ఎవరూ తట్టరు.