సైలెన్సర్ తగ్గించేది చప్పుడునే... ప్రమాదాన్ని కాదు!

గేమ్‌లో అయితే రెండు సెకన్ల పని. నేల మీద కనిపించిన సప్రెసర్‌ని తీసుకుంటాం, అదే వెళ్లి గన్ మూతికి అతుక్కుంటుంది. ఎం416కి పెట్టినదాన్ని తీసి ఏకేఎంకి పెట్టినా చక్కగా సరిపోతుంది. సినిమాలో ఇంకా సుఖం. హీరో గొట్టాన్ని గిరగిరా తిప్పి బిగిస్తాడు. 'ఫుట్' మని చిన్న చప్పుడు. పక్క గదిలో ఉన్నవాడికి కూడా వినపడదు.

నిజం తుపాకీ దగ్గర ఇవేవీ నిజం కావు. ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే, మన కుర్రాళ్ల చేతుల్లోకి నిజం తుపాకులు రెండు చోట్ల వస్తున్నాయి. ఒకటి అమెరికా. ఎమ్మెస్‌కో ఉద్యోగానికో వెళ్లినవాళ్లు వీకెండ్‌లో షూటింగ్ రేంజ్‌కి వెళ్లడం, నాలుగు రౌండ్లు కాల్చి రీల్ పెట్టడం మామూలైపోయింది. రెండోది మా కొండలు. నాది గూడెం కొత్తవీధి. మా ఏజెన్సీలో రేంజ్ లేదు, సప్రెసర్ లేదు. నాటు తుపాకీ మాత్రం ఉంది. రెండింటికీ సంబంధం ఏంటంటారా? చివరిదాకా చదవండి, మీకే తెలుస్తుంది.

చప్పుడు ఎంత తగ్గుతుంది?

ముందు ఇది ఎవరి బుర్రలోంచి పుట్టిందో చూద్దాం. మాగ్జిమ్ మెషిన్‌గన్ కనిపెట్టిన హైరమ్ మాగ్జిమ్ గురించి వినే ఉంటారు. ఏళ్ల తరబడి తుపాకుల చప్పుడు విని విని ఆయనకు చెవుడు వచ్చేసింది. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాగ్జిమ్ 1909లో తుపాకీ సైలెన్సర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. తండ్రి చప్పుడు పెంచితే కొడుకు తగ్గించాడన్నమాట.

పని చేసే తీరు మన బైక్ సైలెన్సర్ లాంటిదే. తూటా వెనకాల మండిన వాయువు విపరీతమైన ఒత్తిడితో ఒక్కసారిగా బయటకు తన్నుకొస్తుంది. ఆ తన్నుడే చప్పుడు. సప్రెసర్ లోపల వరసగా అడ్డుపలకలు ఉంటాయి. వాటి మధ్య వాయువు చిక్కుకుని, చల్లబడి, మెల్లగా బయటికి వస్తుంది.

ఇంత చేసినా తగ్గేది సుమారు 20 నుంచి 35 డెసిబెల్స్. 165 డెసిబెల్స్ ఉన్న రైఫిల్ చప్పుడు 135కి దిగుతుందనుకోండి. 140 దాటితే ఒక్క దెబ్బకే చెవికి శాశ్వతంగా నష్టం జరగొచ్చు. అంటే సప్రెసర్ ఉన్నప్పుడు ఆ గీతకు కాస్త కిందకి వస్తాం, అంతే. పైగా ధ్వని కంటే వేగంగా వెళ్లే తూటా గాలిని చీల్చుకుంటూ 'టప్' మని చేసే చప్పుడుని ఏ సప్రెసరూ ఆపలేదు. అందుకే సప్రెసర్ ఉన్నా చెవులకు రక్షణ పెట్టుకోవాల్సిందే. నాలుగు గోడల మధ్య ఉండే రేంజ్‌లో అయితే చెవిలో ప్లగ్గులు, పైన మఫ్స్, రెండూ.

మిల్లీమీటరు కూడా లేని ఖాళీ

అసలు తలనొప్పి బిగించడం దగ్గరే. చిన్న లెక్క చేద్దాం. 5.56 రైఫిల్ తూటా లావు దాదాపు 5.7 మిల్లీమీటర్లు. దాని సప్రెసర్‌లోని కన్నం 7 మిల్లీమీటర్లు అనుకుందాం. అంటే చుట్టూ మిగిలే ఖాళీ 0.65 మిల్లీమీటర్లు. ఇప్పుడు 150 మిల్లీమీటర్ల పొడవున్న ఆ గొట్టం 0.3 డిగ్రీలు పక్కకు వంగిందంటే, చివర కన్నం దాదాపు 0.8 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. కంటికి ఆ వంకర కనపడదు. తూటా మాత్రం నేరుగా వెళ్లి అడ్డుపలకనో మూతనో కొడుతుంది. సప్రెసర్ చీలిపోవచ్చు, ముక్కలు ఎగరొచ్చు, తూటా దారి తప్పొచ్చు.

ఆ వంకర ఎలా వస్తుంది? వాటర్ బాటిల్ మూత హడావిడిగా తిప్పితే అడ్డంగా ఎక్కి బిగుసుకుపోతుంది చూడండి. ఇక్కడా అదే. గొట్టం మీది థ్రెడ్లు గొట్టం రంధ్రానికి సరిగ్గా మధ్యలో లేకపోయినా, సప్రెసర్ ఆనుకునే అంచు మీద మసి పేరుకుపోయినా, మధ్యలో పనికిరాని వాషర్ పెట్టినా వంకర వస్తుంది. ఒక తుపాకీది ఇంకోదానికి పట్టదు కూడా. ఏకే రకం రైఫిళ్లకు 14 మిల్లీమీటర్ల థ్రెడ్, అదీ ఎడమవైపు తిరిగేది. ఏఆర్-15కి అర అంగుళం థ్రెడ్, కుడివైపు తిరిగేది. చిన్న తూటా కోసం చేసిన సప్రెసర్‌ని పెద్ద తూటా తుపాకీకి పెడితే ఇక చెప్పక్కర్లేదు.

సరిగ్గా బిగించినా పని అయిపోలేదు. కాలుస్తుంటే వేడికి, అదురుకి అది వదులవుతూ ఉంటుంది. 'వదులైందా?' అని చెయ్యి గొట్టం ముందుకు పెట్టి తిప్పి చూడటమే అన్నిటికంటే పెద్ద తప్పు. ముందు మ్యాగజైన్ తీయాలి. ఛాంబర్ తెరిచి ఖాళీగా ఉందని కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. ఆ తర్వాతే ముట్టుకోవాలి. అదీ మందపాటి గ్లౌజ్ వేసుకుని. వరసగా కాల్చాక అది పొయ్యి మీది పెనంలా కాలుతుంది.

ఇంకోటుంది. కొన్నిసార్లు మందు సరిగ్గా అంటుకోక తూటా గొట్టంలోనే ఇరుక్కుంటుంది. మామూలుగా అయితే చప్పుడు తేడాగా ఉంది కాబట్టి ఆగిపోతాం. సప్రెసర్ ఉంటే ఆ తేడా పట్టుకోవడం కష్టం. అలా ఇరుక్కున్నదాని వెనక ఇంకోటి కాలిస్తే గొట్టమే పగలొచ్చు. కాబట్టి చప్పుడులోగానీ, భుజానికి తగిలే దెబ్బలోగానీ ఏమాత్రం తేడా అనిపించినా ఆపేయండి.

రేంజ్‌లో ఎవరి మాట చెల్లుతుంది?

అక్కడ సేఫ్టీ ఆఫీసర్ మాటే శాసనం. అయితే 'సీజ్ ఫైర్' అని అరిచే హక్కు మాత్రం అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఉంటుంది. మొదటిసారి వెళ్లినవాళ్లకైనా సరే. ఆ మాట వినపడగానే వేలు ట్రిగ్గర్ మీంచి తీయాలి, తుపాకీ కింద పెట్టి వెనక్కి జరగాలి. ట్రిగ్గర్ నొక్కినా పేలలేదా? తుపాకీని టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. 'ఏమైందిరా' అంటూ తుపాకీతో సహా వెనక్కి తిరిగితే ఫ్రెండ్స్ అందరూ గొట్టం ముందుకు వచ్చేస్తారు.

మిగతాదంతా నాలుగు సూత్రాలు. అమెరికా శిక్షకుడు జెఫ్ కూపర్ చెప్పినవి.

1. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోండి.
2. కాల్చకూడనిదాని వైపు గొట్టం తిప్పకండి.
3. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకండి.
4. ఎదురుగా ఏముందో, దాని వెనకాల ఏముందో చూసుకోండి.

ఈ నాలుగింటిలో సప్రెసర్ ఊసు ఎక్కడా లేదు గమనించారా? తుపాకీకి ఏం తగిలించామన్నది రెండో మాట. గొట్టం ఎటు చూస్తోందన్నదే మొదటి మాట. 2024లో అమెరికాలో ఒక తెలుగు విద్యార్థి తన తుపాకీ శుభ్రం చేస్తుండగానే అది పేలి చనిపోయాడు. మొదటి సూత్రం శుభ్రం చేసేటప్పుడు కూడా వర్తిస్తుంది.

చట్టం దగ్గర జాగ్రత్త

అమెరికాలో స్టూడెంట్ వీసా, హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాగానీ దగ్గర పెట్టుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం చెబుతోంది. గడువులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. రేంజ్‌లో గంటసేపు అద్దెకు తీసుకున్నా ఇదే రూలు. సప్రెసర్‌ని కూడా ఆ చట్టం తుపాకీగానే లెక్కేస్తుంది. 1934 నుంచి ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సప్రెసర్లకు సున్నా అయింది. కానీ రిజిస్ట్రేషన్ అలాగే ఉంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో అసలు మామూలు జనం దగ్గర ఉండకూడదు. ఫ్రెండ్ తుపాకీ పట్టుకుని దిగిన ఫొటో లైకులతో పాటు వీసా కష్టాలు కూడా తేవొచ్చు.

మన దేశంలో అయితే 1959 ఆయుధాల చట్టం చప్పుడు తగ్గించే పరికరాన్ని కూడా తుపాకీ నిర్వచనంలోనే చేర్చింది. మామూలు లైసెన్సుతో దొరికే వస్తువు కాదది. ఆన్‌లైన్‌లో 'ఫిల్టర్' అనో ఇంకో పేరుతోనో కనిపించినా దాని జోలికి పోకండి.

మా కొండల్లో సంగతి

తుపాకీ మా వైపు కొత్తేమీ కాదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు చోట్లా ఆయన పట్టుకెళ్లింది తుపాకులు, తూటాలే. నెల తిరిగేసరికి సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు ఆ పోరాటంలో చనిపోయారు. ఆ దామనపల్లి మా మండలంలోదే.

ఆ రోజుల తుపాకీ కథ వేరు. ఇప్పటి నాటు తుపాకీ పంట మీద పడే అడవిపంది కోసమో, వేట కోసమో. మందు, సీసం గుళ్లు మూతిలోంచి కూరి దట్టిస్తారు. రైఫిల్‌లా తెరిచి 'ఖాళీనా కాదా' అని చూసే వీలు దీనికి లేదు. నింపిన తుపాకీని భుజాన వేసుకుని రాత్రిపూట తుప్పల్లో నడుస్తారు. ట్రిగ్గర్‌కి తీగ తగులుకుంటే చాలు. వేటకెళ్లి తుపాకీ పేలి ఒకరు పోయారనో, జంతువనుకుని తోటివాడినే కాల్చారనో ఏజెన్సీ వార్తలు చదువుతూనే ఉన్నాం. పైన చెప్పిన నాలుగు సూత్రాలూ పెట్టి చూడండి. మొదటిది నుంచి నాలుగోదాకా అన్నీ ఒకే రాత్రిలో తప్పుతున్నాయి.

లైసెన్సు లేని తుపాకీకి 2019 సవరణ తర్వాత శిక్ష రెండు నుంచి ఐదేళ్ల జైలు. వేటకు 1972 వన్యప్రాణి చట్టం వేరే. పోలీసులు నాటు తుపాకులు అప్పగించమని పదే పదే అడుగుతున్నారు. ఇంట్లో తాత దాచినది ఉంటే, ఊరి పెద్దలతో కలిసి స్టేషన్‌కి వెళ్లి ఇచ్చేయడమే మేలు.

గురి మీద మోజుంటే?

దారి ఉంది. కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే చేరండి. అక్కడ .22 రైఫిల్‌తో పద్ధతిగా కాల్చడం నేర్పుతారు. ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ క్రీడలైతే ఇంకా మంచివి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. వాళ్లెవరికీ సప్రెసర్ అవసరం పడలేదు.

గేమ్‌లో చనిపోతే మళ్లీ లాబీకి వస్తాం. రేంజ్‌లోనూ అడవిలోనూ లాబీ లేదు. ఈసారి ఎవరైనా మీ చేతికి తుపాకీ ఇచ్చి 'ఏం కాదులే, ఖాళీదే' అంటే, ఆ మాట నమ్మకండి. గొట్టాన్ని మనుషులు లేని వైపు తిప్పి మీరే తెరిచి చూడండి. చూడటం తెలియకపోతే పట్టుకోకండి.