వీశెలు, పౌన్లు, కిలోలు



మన పరవాడలో సింహాద్రి విద్యుత్ కేంద్రానికి బొగ్గు టన్నుల లెక్కన వస్తుంది. పక్కనే ఫార్మా సిటీలో మందుల్ని మిల్లీగ్రాముల్లో తూస్తారు. ఆ రెంటికీ మధ్య కిలోలతో, గ్రాములతో నెగ్గుకొచ్చేది మన వంటింటి తూకం. అయినా పాత కొలతలు మనల్ని పూర్తిగా వదిలిపెట్టలేదు.

తూనికల చట్టం 1956లో వచ్చింది. 1958 నుంచి కిలో రాళ్లు బజారులో దిగాయి. 1962 నాటికి దేశమంతా అదే తూకమైంది. కానీ అమ్మమ్మలు చెప్పిన ఊరగాయ లెక్కలు వీశెల్లోనే ఉండిపోయాయి. వీశె అంటే 120 తులాలు, ఇంచుమించు కిలో 400 గ్రాములు. ఎనిమిది వీశెలు మణుగు, అంటే పదకొండు కిలోల పైచిలుకు. వీశె ముక్కలకు చెప్పిన ఉప్పుని కిలో ముక్కలకే పోస్తే ఆ ఊరగాయ నోట పెట్టలేం.

బంగారం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు చాలా కొట్లలో తులమంటే పది గ్రాములే. అత్తగారిచ్చిన పది తులాల నగ పాత తూకానిదైతే 116 గ్రాములు దాటాలి. అంచేత నగ మార్చేటప్పుడు తులాల మాట పక్కనబెట్టి గ్రాముల్లో తూయించుకుని, రసీదులో రాయించుకోండి.

పిల్లలు విదేశాల్లో ఉన్నవారికి పౌన్ల బెడద. పౌను 454 గ్రాములు. దీనికి నోటిలెక్క ఒకటుంది. పౌన్లను సగం చేసి, అందులో పదో వంతు తీసేయండి. యాభై పౌన్ల పెట్టె ఉందనుకోండి. సగం ఇరవై అయిదు, రెండున్నర తీసేస్తే ఇరవై రెండున్నర కిలోలు. అసలు లెక్క 22.68. ఇంటి అవసరానికి ఇది చాలు. కిలోల్ని పౌన్లు చేయాలంటే రెట్టింపు చేసి పదో వంతు కలపండి.

పౌనుకి ఔన్సులు పదహారు, పది కాదు. మనవరాలు 6 పౌన్ల 8 ఔన్సులతో పుట్టిందంటే ఆరున్నర పౌన్లన్నమాట, 6.8 కాదు. అంటే మూడు కిలోలకు కాస్త తక్కువ.

ఇదంతా ఎందుకంటే, పసివాళ్లకు చాలా మందుల మోతాదు వాళ్ల బరువును బట్టి, కిలోల లెక్కన కడతారు. ఇరవై రెండు పౌన్ల బిడ్డ పది కిలోల బిడ్డ. పౌన్లన్న మాట మరచి "ఇరవై రెండు" అని ఊరుకుంటే మందు రెట్టింపు దాటిపోతుంది! డాక్టరుగారికి బరువు చెప్పేటప్పుడు అంకెతోపాటు కిలోలో పౌన్లో కూడా చెప్పండి. సందేహముంటే అక్కడే బిడ్డను మళ్లీ తూయించండి. మందు సీసాతో వచ్చిన కొలత మూతతోనే మందు పోయండి, వంటింటి చెంచాతో వద్దు.

ఏ తూకమైనా ఫరవాలేదు, అంకె పక్కన కొలత పేరు మాత్రం మరవకండి. సెలవు.