పాత తుపాకి గొట్టం లోపలి మెరుపు

బ్యాంకు గుమ్మం దగ్గర కాపలాదారు భుజాన వేలాడే జంట గొట్టాల తుపాకిని మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని "12 బోరు" అంటారు. ఈ 12 దేనికి లెక్క? గొట్టం వెడల్పు 12 మిల్లీమీటర్లా? కాదు. పోనీ అందులో 12 తూటాలు పడతాయా? ఉన్నవి రెండు గొట్టాలు, పట్టేవి రెండే తూటాలు.

జవాబు సీసంలో ఉంది. ఒక పౌను సీసాన్ని 12 సమాన భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని గుండ్రని గుండుగా పోశామనుకోండి. ఆ గుండు ఏ గొట్టంలో సరిగ్గా పడుతుందో అది 12 బోరు గొట్టం. నమ్మకం కుదరకపోతే లెక్క కట్టి చూద్దాం. పౌను అంటే 453.6 గ్రాములు. అందులో 12వ వంతు 37.8 గ్రాములు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు. కాబట్టి గుండు ఘనపరిమాణం 3.33 ఘన సెంటీమీటర్లు. గోళం ఘనపరిమాణానికి మీరు నేర్చుకున్న సూత్రాన్ని ఇక్కడ వాడితే వ్యాసం 1.85 సెంటీమీటర్లు, అంటే 18.5 మిల్లీమీటర్లు వస్తుంది. తుపాకుల పుస్తకాలలో ఉన్న అంకె కూడా ఇదే!

పౌనుకు ఎక్కువ గుండ్లు పోస్తే ఒక్కొక్క గుండు చిన్నదవుతుంది. అందుకే 20 బోరు 12 బోరు కంటే సన్నం. దాని గుండు సరిగ్గా 2 ఘన సెంటీమీటర్లు, వ్యాసం 15.6 మిల్లీమీటర్లు. అంకె పెరిగితే గొట్టం తగ్గుతుందన్నమాట.

ఇది తమాషా లెక్కలా కనిపించినా, ఇంగ్లండులో పాత తుపాకులు అమ్మే దుకాణాలలో దీని మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. అక్కడి తుపాకుల దుకాణంలో నిన్నగాక మొన్న తయారైన కొత్త తుపాకి పక్కనే 1880 ప్రాంతాల నాటి తుపాకి కూడా అమ్మకానికి ఉండవచ్చు. మంచి తుపాకి తాతగారి గడియారంలా తరాలు దాటి వస్తుంది. పాతదాని చెక్క మీద నునుపు, ఉక్కు మీద చెక్కిన లతలు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కాని అది ఈనాటి తూటా పేలితే తట్టుకుంటుందా? కంటికి కనిపించేవేవీ ఆ సంగతి చెప్పవు.

గొట్టం తట్టుకోవలసినది ఎంతో చూడండి. యూరపులో అమలులో ఉన్న నిబంధనల ప్రకారం మామూలు 12 బోరు తూటా పేలినప్పుడు పుట్టే పీడనం 740 బార్లకు మించకూడదు. ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనం. 740 బార్లు అంటే ఒక్క చదరపు సెంటీమీటరు మీద 7,400 న్యూటన్ల బలం. 18.5 మిల్లీమీటర్ల గొట్టం అడ్డుకోత వైశాల్యం 2.69 చదరపు సెంటీమీటర్లు. గుణించి చూస్తే దాదాపు 20,000 న్యూటన్లు వస్తుంది. అంటే రెండు టన్నుల బరువు! అది ఉండేది సెకనులో వెయ్యోవంతుల సేపే. అయినా ఆ క్షణంలో గొట్టం పగిలితే, తుపాకి పట్టుకున్నవాడి ఎడమ చెయ్యి సరిగ్గా ఆ గొట్టం కిందే ఉంటుంది.

ఈ భయం పాతదే. అందుకే గొట్టాలను అమ్మే ముందు పరీక్షించడం మొదలుపెట్టారు. లండన్ తుపాకి తయారీదారుల సంఘానికి 1637లో రాజపత్రం లభించింది. తుపాకుల తయారీకి పేరుపడ్డ బర్మింగ్‌హామ్‌లో 1813లో పరీక్షాలయం ఏర్పడింది. అక్కడ చేసే పని వినడానికి మొరటుగా ఉంటుంది. మామూలు కంటే ఎక్కువ బలమైన తూటా పెట్టి, మనుషులు దూరంగా ఉండి, తుపాకిని పేలుస్తారు. ఇప్పటి నిబంధనల ప్రకారం ఈ పరీక్ష తూటా పీడనం మామూలు హద్దు కంటే 30 శాతం ఎక్కువ. గొట్టం ఉబ్బకుండా, చీలకుండా నిలిస్తే దాని మీద ముద్ర కొడతారు. 1868 నాటి బ్రిటిష్ చట్టం ప్రకారం పరీక్ష ముద్ర లేని తుపాకిని అమ్మడం నేరం. అమెరికాలో ఇలాంటి నిర్బంధ చట్టం లేదు. అక్కడ తయారుచేసినవారే పరీక్షించుకుంటారు.

ముద్రలు పైకి కనిపించవు. తుపాకిని విప్పి గొట్టాలను తిరగేస్తే, అడుగున చదునుగా ఉన్న చోట చిన్న చిన్న కిరీటాలు, అక్షరాలు, అంకెలు ఉంటాయి. తెలిసిన వ్యాపారి వెల చెప్పే ముందు ముందుగా చూసేది వాటినే. మన 12 బోరు లెక్క ఇక్కడే అక్కరకు వస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దపు తుపాకులలో 12 బోరు తూటా పట్టేవే అయినా, కొన్నిటి గొట్టం మీద "13" అని ముద్ర ఉంటుంది. పరీక్ష నాడు గొట్టం లోపలి వెడల్పు 13 బోరు గుండుకు సరిపోయిందని దాని అర్థం. 13 బోరు అంటే సుమారు 18 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఆ గొట్టంలో కొలత పరికరం పెట్టి చూస్తే 18.5 వచ్చిందనుకుందాం. ఉక్కు ఏమైంది?

దీనికి జవాబు తెలియాలంటే నల్లమందు సంగతి చెప్పుకోవాలి. పాత తుపాకులలో వాడిన నల్లమందు పూర్తిగా వాయువుగా మారదు. దాని బరువులో సగానికి పైగా పొటాషియం కార్బొనేటు, పొటాషియం సల్ఫేటు వంటి ఘనపదార్థాలుగా మిగులుతుంది. కాల్చగానే వచ్చే తెల్లని పొగ, గొట్టంలో పేరుకునే మసి, అన్నీ ఇవే. వీటిలో కొన్ని గాలిలోని తేమను పీల్చుకుంటాయి. వానాకాలం మన ఇంట్లో ఉప్పు చెమర్చడం లేదూ? అలాగే. వేటనుంచి వచ్చిన దొరగారు బద్ధకించి ఆ రాత్రి గొట్టం కడగలేదంటే, తేమ చేరి ఇనుము తుప్పుపట్టి, లోపల మశూచి మచ్చల వంటి గుంటలు పడతాయి.

గుంటలు పడ్డ తుపాకికి వెల రాదు. అందుచేత లోపల ఉక్కును గీకి, గుంటలు పోయేదాకా నునుపు చేస్తారు. అప్పుడు గొట్టం అద్దంలా మెరుస్తుంది. కొనేవాడు వెలుతురు వైపు పట్టి చూసి, "ఆహా, కొత్తదానిలా ఉంది!" అనుకుంటాడు. నిజానికి గొట్టం వ్యాసం అర మిల్లీమీటరు పెరిగిందంటే గోడ చుట్టూ పావు మిల్లీమీటరు ఉక్కు పోయిందన్నమాట. పావు మిల్లీమీటరు ఏపాటిది అనుకోకండి. చేతి కింద ఉండే చోట గోడ మందం అర మిల్లీమీటరుకు తగ్గితే అక్కడి వ్యాపారులు ఆ గొట్టాన్ని అనుమానంగా చూస్తారు. నిబంధనలు ఒప్పుకున్న హద్దు దాటి వెడల్పయిన గొట్టం మీద ముద్ర ఉన్నా చెల్లదు, మళ్ళీ పరీక్షకు పంపవలసిందే. నన్నడిగితే, నాలుగు గుంటలున్న మందపాటి గొట్టం అద్దంలా మెరిసే పలచటి గొట్టం కంటే నయం.

మందు కూడా మారింది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే అనే శాస్త్రజ్ఞుడు పొగ దాదాపు రాని కొత్త మందు తయారుచేశాడు. కొద్ది ఏళ్ళలోనే వేట తుపాకులకు కూడా అలాంటి మందులు వచ్చాయి. నల్లమందుతో పరీక్ష నెగ్గిన గొట్టం కొత్త మందుకు నిలుస్తుందని అనుకోవడానికి వీల్లేదు. కనుక కొత్త మందుకు వేరే పరీక్ష, వేరే ముద్ర పెట్టారు. బర్మింగ్‌హామ్‌లో 1954 నుంచి వాడిన ముద్ర కిరీటం కింద బి.ఎన్.పి. అనే అక్షరాలు. ఇందులో ఎన్. అంటే నైట్రో, కొత్త మందు.

పాత గొట్టాలలో మరీ అందమైనవి డమాస్కస్ గొట్టాలు. ఇనుప, ఉక్కు కడ్డీలను కలిపి మెలితిప్పి, ఆ పట్టీని కొయ్యకు తాడు చుట్టినట్లు చుట్టి, కొలిమిలో కాల్చి సుత్తితో అతికేవారు. ఆమ్లంతో కడిగితే నీటి అలల వంటి చారలు తేలతాయి. డమాస్కస్ అనగానే మన కోనసముద్రం గుర్తుకు రావాలి. నిజామాబాదు ప్రాంతంలోని ఆ ఊళ్ళో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అయితే ఆ ఉక్కులోని చారలు లోహం చల్లారేటప్పుడు లోపలే ఏర్పడినవి. తుపాకి గొట్టం చారలు అతుకులు. పేరూ అందమూ ఒకటే కాని పుట్టుక వేరు. అన్ని అతుకులలో ఏ ఒక్కచోట మసి ఇరుక్కుని ఉన్నా పైకి తెలియదు.

జంట గొట్టాలను కలిపే పట్టీ ఊడిందేమో తెలుసుకోవడానికి మాత్రం వ్యాపారి మన అమ్మమ్మల పద్ధతే వాడతాడు. గొట్టాలను వేలాడదీసి తట్టి చూస్తాడు. కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్లే! గంటలా మోగితే గట్టిది, బొద్దుగా పలికితే ఎక్కడో అతుకు వదిలింది.

గొట్టం మంచిదైనా తూటా తప్పయితే ప్రమాదమే. తూటా డబ్బా మీద 70 మి.మీ. అని ఉంటే అది తూటా పేలి, మడత విచ్చుకున్న తరువాతి పొడవు. పేలకముందు అది ఇంకా పొట్టిగా ఉంటుంది. అందుచేత 65 మి.మీ. తూటాకు చేసిన పాత తుపాకిలో కూడా చక్కగా కూర్చుంటుంది. పేలినప్పుడు విచ్చుకోవడానికి చోటు చాలక దారి ఇరుకవుతుంది, పీడనం పెరుగుతుంది. ఇంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. పొరపాటున 20 బోరు తూటాను 12 బోరు తుపాకిలో వేస్తే అది జారి ముందుకు పోయి గొట్టంలో ఇరుక్కుంటుంది. వెనక గది ఖాళీగా కనిపిస్తుంది. దాని వెనక 12 బోరు తూటా పెట్టి కాలిస్తే గొట్టం బద్దలే. అందుకే 20 బోరు తూటాలను పసుపు రంగులో తయారుచేస్తున్నారు.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకులు అమ్మడానికి, మరమ్మతు చేయడానికే కాదు, పరీక్షించడానికి కూడా లైసెన్సు ఉండాలి.

16 బోరు గొట్టం వ్యాసం మీరే కట్టి చూడండి. 17 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ రావాలి.