మళ్లీ మోటారు సైకిలు ఎక్కేముందు

ఉద్యోగ విరమణ చేసినవారిలో, పిల్లల బాధ్యతలు తీరినవారిలో కొందరికి యౌవనంలో నడిపిన మోటారు సైకిలు మీదికి తిరిగి మనసు మళ్లుతుంది. మైసూరులో తయారైన యెజ్డీ, చెన్నై తిరువొత్తియూరులో తయారైన బుల్లెట్ ఒకప్పుడు మన ప్రాంతంలో ఎందరికో అపురూపమైన బండ్లు. 1996లో ఆగిపోయిన యెజ్డీ పేరు 2022లో మళ్లీ అంగళ్లకు వచ్చింది. ఒకసారి వచ్చిన విద్య ఎక్కడికి పోతుందన్న ధైర్యంతో పలువురు నేరుగా రహదారి ఎక్కుతున్నారు. విద్య పోదు, నిజమే. కాని కాళ్లూ చేతులూ గుర్తుంచుకొన్నది పాత బండిని. చిక్కు అక్కడే ఉన్నది.

పాత బుల్లెట్‌కు గేరు కుడికాలి వైపు, వెనుక బ్రేకు ఎడమకాలి వైపు ఉండేవి. నేటి బండ్లలో గేరు ఎడమవైపు, బ్రేకు కుడివైపు. తాపీగా పోయేటప్పుడు ఈ తేడా తెలిసే ఉంటుంది. హఠాత్తుగా ఎద్దు అడ్డు వచ్చినప్పుడు మాత్రం కాలు పాత అలవాటునే పాటిస్తుంది. గేరు వేసే క్రమంలోనూ తేడా ఉన్నది. స్ప్లెండర్ వంటి బండ్లలో కాలివేళ్లతో ముందుకు తొక్కితే గేరు పెరుగుతుంది. ఐదు గేర్ల బండ్లు అనేకంలో అదే పని చేస్తే గేరు తగ్గుతుంది. వేగంలో ఉండగా ఈ పొరపాటు జరిగితే వెనుక చక్రం జారవచ్చు.

ముందు బ్రేకు పట్టితే బండి బోల్తా పడుతుందన్న భయం పాతతరంలో ఎక్కువ. వాస్తవానికి బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. బండిని ఆపే శక్తిలో అధిక భాగం దానిదే. ఇసుక మీద, మలుపులలో తప్ప, రెండు బ్రేకులూ కలిపి క్రమంగా పట్టడమే సరైన పద్ధతి. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు చక్రం బిగుసుకోకుండా కాపాడే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుండి తప్పనిసరి అయింది. పాత బండ్లకు ఆ రక్షణ లేదు.

వయసు తెచ్చే మార్పులను కూడా అంగీకరించాలి. రాత్రివేళ ఎదుటి దీపాల కాంతికి కళ్లు తేరుకోవడం ఆలస్యమవుతుంది. మెడ వెనుకకు తిరగదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఒక్క సెకను ఆలస్యమే ప్రాణాంతకం కావచ్చు. మగత కలిగించే మందులు వాడేవారు వైద్యుని అడిగి తెలుసుకోవాలి. నేటి బుల్లెట్ బరువు 195 కిలోలు; కొనేముందు ఇంజను ఆపి కొంతదూరం తోసి చూడడం మేలు.

లైసెన్సు గడువు ముగిసి ఏడాది దాటితే మళ్లీ పరీక్ష ఇచ్చి నెగ్గాలి. నలభై దాటినవారు పునరుద్ధరణకు వైద్య ధ్రువపత్రం జతపరచాలి. అటక మీది పాత హెల్మెట్ పనికిరాదు; లోపలి పొర పాడై ఉంటుంది. ఐఎస్ఐ ముద్ర ఉన్న కొత్తది కొనాలి.

తొలి వారం తెల్లవారుజామున ఖాళీ మైదానంలో, వెనుక ఎవరినీ కూర్చోబెట్టుకోకుండా అభ్యాసం చేయాలి. మొదట 20, తరువాత 30, ఆపైన 40 కిలోమీటర్ల వేగం నుండి బండిని ఆపి చూడాలి. ఆలోచించకుండానే కాలు సరైన పెడలు మీద పడేదాకా హోసూరు–కృష్ణగిరి వంటి రహదారి జోలికి పోరాదు. అరవై ఏళ్ల వయసులో కొత్తగా నేర్చుకొనేవానివలె మొదలుపెట్టడం చిన్నతనమేమీ కాదు.